వింటి పగుళ్లును వాని మరమ్మతును

విల్లనునది వంగుటకై పుట్టిన కర్ర. ఎక్కుపెట్టినప్పుడును, అల్లెత్రాటిని చెవిదాక లాగినప్పుడును దాని వీపు, అనగా గుఱికి ఎదురుగానుండు ముఖము, సాగును. కడుపు, అనగా విలుకానివైపు ముఖము, నలుగును. ఈ రెంటినడుమ నొక సన్నని పొర మాత్రము సాగక నలుగక యుండును. బాణము విడిచినప్పుడెల్ల నీ సాగుటయు నలుగుటయు జరుగుచునే యుండుటచేత, చేతితో చెక్కిన కొయ్యవిల్లుగాని చీల్చి దిద్దిన వెదురువిల్లుగాని యేనాటికైన నొక పగులు చూపకమానదు. ఆ పగులు ఏ ముఖమున పుట్టినది, పోగుల వెంబడి పోవుచున్నదా లేక పోగులకు అడ్డముగా పోవుచున్నదా యను రెండు ప్రశ్నలకు సమాధానము దొరకినచో మరమ్మతు సగము తెలిసినట్లే. దొరకనిచో ఎంత మంచి జిగురు పూసినను, ఎంత బిగువుగా దారము చుట్టినను ఆ విల్లును నమ్మి మొగమునకెదురుగా లాగరాదు.

కృష్ణాతీరమున అమరావతి మొదలుకొని గుంటూరు, పల్నాడు, ప్రకాశము సీమల ప్రత్తిచేలు, మిరపచేలు దాటి, పడమట నల్లమల కొండలవరకు గల భూభాగమున వాడుకలోనుండిన వెదురువిల్లును ముఖ్యముగా దృష్టియందుంచుకొని యీ వ్యాసము వ్రాయబడినది. కొయ్యవింటికి గల భేదములు అక్కడక్కడ చెప్పబడును.

పేర్లును భాగములును

తెలుగున విల్లు, సింగిణి యను మాటలు కలవు. వీనిలో సింగిణి కొమ్ముతో చేసిన వింటికి చెల్లును. త్రాటికి నారి, అల్లె, గొనయము అని పేళ్లు. త్రాడు తగిలించు కొనలు వింటికొప్పులు. సంస్కృతమున నిఘంటుకారుడగు అమరసింహుడు ధనుస్సు, చాపము, శరాసనము, కోదండము, కార్ముకము, ఇష్వాసము అని వింటికి, కోటి, అటని యని కొప్పునకు, లస్తకమని నడిమి పిడికి, మౌర్వి, జ్య, శింజిని, గుణము అని త్రాటికి పేళ్లు చెప్పి, త్రాటిదెబ్బ తగులకుండ ముంజేతికి కట్టుకొను తోలుపట్టెకు సయితము పేరు పెట్టినాడు. పగిలిన విల్లు మాత్రము ఆ పట్టికలోనికి రాలేదు. కవులకు విల్లు విరుగుటయే కావలెను గాని అతుకుట అక్కరలేదు: మిథిలలో రాముడు శివధనుస్సును, మథురలో కృష్ణుడు కంసుని యాగధనుస్సును విరిచిన కథలు తెలుగింట వినని పసివాడుండడు, ఆ ముక్కలు పిమ్మట ఏమైనవో అడిగినవాడును ఉండడు. శివధనుస్సు నడుమ విరిగినదని వాల్మీకి చెప్పినాడు. నడిమి విరుగుడు మరమ్మతునకు లొంగెడు విరుగుళ్లలో నొకటియని మున్ముందు తెలియగలదు.

ఈ వ్యాసమున బద్ద యనగా పిడికి పైనను క్రిందను వంగెడు భాగము.

ఈ సీమలో విల్లు

అమరావతి స్తూపశిల్పములను 1797లో కల్నల్ మెకంజీ చూచుటయు, 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించుటయు, వానిలో పెక్కు చెన్నపట్టణపు మ్యూజియమునకును లండనునకును చేరుటయు తెలిసినవే. ఆ శిల్పములయం దొక గుండ్రని ఫలకమున ఛద్దంత జాతకము చెక్కబడినది. ఆరు దంతముల గజరాజును గోతిలో పొంచియుండి విషబాణముతో కొట్టిన వేటకానికథ అది. అమరావతిని ఏలిన శాతవాహనుల కాలమునాటివే, పడమట కొల్హాపూరు ప్రాంతమున దొరకిన, విళివాయకురుడను పాలకుని నాణెములు. వాని వెనుకవైపున ఎక్కుపెట్టిన విల్లును, అందు కూర్చిన బాణమును ముద్రితములై యున్నవి.

విండ్లను ఏయే వస్తువులతో చేయుదురో కౌటిల్యుని అర్థశాస్త్రమున ఆయుధాగారాధ్యక్షుని ప్రకరణము చెప్పుచున్నది: తాడి, వెదురు, కొయ్య, కొమ్ము. అల్లెత్రాటికై ఆ గ్రంథము పేర్కొన్న వస్తువులలో చాగనార, జిల్లేడునార, జనుము, వెదురు, స్నాయువు ఉన్నవి. వెదురుతో త్రాడేమి యని నేటివారు విస్తుపోవచ్చును గాని, మధ్యభారతపు గిరిజనులలో వెదురు పైచర్మమును సన్నగా చీల్చి అల్లెగా కట్టుట నిన్నమొన్నటివరకు నుండినదే. తాడియు, జిల్లేడును, జనుమును గుంటూరు మైదానమున ఏ చేనిగట్టున చూచినను కనబడునవి. రైతు జనుమును పశువులమేతకు, పచ్చిరొట్టకు చల్లుచున్నాడు గాని దాని నార ఒకనాడు వింటి నారియైనదన్న సంగతి మరచినాడు.

అలెగ్జాండరు సేనాని నియార్కసు వ్రాసినదానిని బట్టి గ్రీకు చరిత్రకారుడు అరియను చెప్పినదేమనగా, భారతీయ కాల్బలపువాని విల్లు వానియంత పొడవుండెడిదట. దాని క్రిందికొనను నేలకానించి ఎడమకాలితో అదిమిపట్టి త్రాటిని లాగెడివారట. బాణము మూడు మూరలకు కొంచెమే తక్కువయట. అంత నిడుపాటి విల్లు వెదురుదిగాని కొయ్యదిగాని కావలెను. నిడుపువిల్లు తక్కువ వంపుతోనే పని నెరవేర్చును గనుక పగులుటయు తక్కువ. పొట్టివిల్లును అంతే దూరము లాగినచో పోగుమీద పడు బరువు పెరుగును. ఈ ఒక్క మాట మరమ్మతు చేయువానికి పది సూత్రములపెట్టు.

దక్కనుకు తురుష్కాశ్వికులతో వచ్చిన కొమ్మువిల్లు వేరొక జాతిది. నడుమ కొయ్య, కడుపున కొమ్ము, వీపున స్నాయువు, వీనినన్నిటిని పట్టియుంచుటకు జంతుజములైన జిగురులు. పొడిదేశములందు దానికి సాటి లేదు; వానకాలపు తేమలో జిగురు మెత్తబడి పొరలు విడుట దాని జన్మదోషము. మనదేశపు కమ్మరులు ఉక్కుతోనే విండ్లు చేయుటకు ఈ తేమయే కొంత కారణమని పలువురు తలంతురు.

నల్లమలలో చెంచులు విల్లును నేటి తరమువరకు తెచ్చినారు. ఫ్యూరర్ హైమెండార్ఫ్ అను ఆస్ట్రియా మానవశాస్త్రజ్ఞుడు 1940లో అమ్రాబాదు పీఠభూమియందు వారితో నివసించి, 1943లో వారినిగూర్చి గ్రంథము ప్రకటించినాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతోను, నాగార్జునసాగరము-శ్రీశైలము పులుల అభయారణ్యముతోను వేట నిషిద్ధమై, విల్లు చెంచుగూడెములందు వేటసాధనముగాక గుర్తుగా మిగిలినది. అహోబిలమున సంక్రాంతి పిమ్మట జరుగు పారువేట ఉత్సవమున చెంచులు నరసింహస్వామి పల్లకిపై బాణములు వేయుట యొక మర్యాద. స్వామి తమ అల్లుడని వారి నమ్మకము. మరమ్మతుదృష్టితో చూచినచో సంవత్సరమునకొకసారి ఎక్కుపెట్టు విల్లే అన్నిటికన్న ప్రమాదకరమైనది. ఏడాదిపొడుగున చూరున ఎండిన కర్రను ఒక్కసారిగా చెవిదాక లాగినచో అది విరిగిన తప్పు కర్రది కాదు.

ఒక సందేహము మాత్రము తీర్చవలసియున్నది. అడవిలో నుండువారు విల్లును బాగుచేసికొందురా? వెదురుపొద ఇంటివెనుకనే యున్నవానికి పాతవింటికి కట్లు కట్టుటకన్న క్రొత్తది చీల్చుకొనుట సులభమనియు, మరమ్మతు విద్య వెదురు కొనవలసిన మైదానమునందే పెరిగియుండుననియు నాకు తోచుచున్నది.

కర్ర, వెదురు, గాలి

నల్లమలలో రెండు వెదురులు ప్రధానములు: నడుమ బోలు తక్కువై గట్టిగానుండు సన్నని వెదురొకటి, లావై ముండ్లతో అల్లుకొను ముళ్లవెదురొకటి. వింటికి మొదటిది మేలు. కొయ్యలలో తడ లేక చరచి యని పిలువబడు చెట్టు మిక్కిలి సాగుడుగుణము గలది. సంస్కృతమున దీనిని ధన్వనమనుట ఊరక కాదు. బండిపోలుగఱ్ఱలకును, గొడ్డలికామలకును, కావడిబద్దలకును దీనినే కోరుదురు.

వెదురున బలమంతయు పైపొరలోనిది. అడ్డముగా కోసిన ముక్కను ఎండలో పట్టి చూచినచో చర్మమునకు దగ్గరగా నల్లచుక్కలు క్రిక్కిరిసియు, లోనికిపోను పోను దూరదూరముగాను కనబడును. ఆ చుక్కలే నారకట్టలు. కావున చర్మపువైపును ఎల్లప్పుడు వింటివీపుగా నుంచి, దానిని చిత్రికపట్టక, గీకక, కణుపులవద్ద మాత్రము నునుపుచేసి విడువవలెను. అందముకొరకు చర్మమును గీకినవాడు తన వింటి ప్రాణమును తానే గీకినవాడు. అంతియగాక మ్రాకులలో లోపలినుండి బయటికి ప్రసరించు అడ్డకణముల వరుసలు కొయ్యను కొంత కట్టిపట్టును. వెదురున అవి లేవు. గొడ్డలిదెబ్బకు వెదురు గడ పొడవునా చీలుట ఇందువలననే. అందుచే వెదురువింటికి నిలువుపగుళ్లు సహజములు, అడ్డపగుళ్లు అరుదులు. కొయ్యవింటికి అడ్డపగుళ్ల భయము మెండు.

ఇక గాలి. కర్ర చుట్టునున్న గాలితో తేమను ఇచ్చిపుచ్చుకొనుచునే యుండును. గాలిలో తేమ నూటికి 65 పాళ్లున్నచో కర్రలో సుమారు 12 పాళ్లును, 30 పాళ్లకు దిగినచో 6 పాళ్లును నిలుచును. వింటికి 8 మొదలు 10 పాళ్లు హితము. అంతకు తక్కువైనచో కర్ర పెళుసై వీపున తెగును. ఎక్కువైనచో మెత్తనై కడుపున నలిగి, వంగినది వంగినట్లే యుండిపోవును. వేసవి యెండలకు పేరుమోసిన రెంటచింతల పల్నాటిలోనిదే. మే నెల వడగాడ్పులో మధ్యాహ్నము విల్లు లాగుట కోరి విరుచుకొనుట. ఆ దినములలో ఉదయమున లాగుటయో, తడిగోనె కప్పిన కుండలున్న చల్లని గదిలో రెండుమూడు దినములుంచి లాగుటయో ఉచితము.

వెదురుకు మరియొక శత్రువు పుప్పి. వెదురులోని పిండిపదార్థమునకై చిన్నపురుగు తొలిచి, గుండుసూది మొనయంత రంధ్రములు చేసి, పసుపుపచ్చని పొడి రాల్చును. మూడు నాలుగేండ్ల గడను కోసి, కొన్ని వారములు నీటనానవైచి, పొయ్యిపైనున్న అటకపై పొగకు ఆరవేయుట దీనికి పాతమందు. పుప్పిపట్టిన విల్లును బాగుచేయుటకు పూనుకొనరాదు. బయట ఒక రంధ్రమున్నచో లోన సొరంగ మెంతయున్నదో ఎవరును చెప్పజాలరు.

పగులును చూచు విధము

మొట్టమొదట అల్లెను దించవలెను. పగులుతో ఎక్కుపెట్టియుంచిన విల్లు గడియగడియకు పాడగును. తరువాత నూనె, చెమట, మురికి పోవునట్లు పొడిగుడ్డతో తుడిచి, వెలుతురున ఏటవాలుగా పట్టి చూడవలెను.

కన్ను మోసపోవుచోట దూది మోసపోదు. ప్రత్తిగింజనుండి అప్పుడే వలిచిన దూదిపింజను బొటనవ్రేలి యంత తీసికొని, వింటివీపుపై పిడినుండి కొప్పువరకు బరువుపెట్టక జార్చవలెను. నున్నని చర్మముపై పింజ ఈకవలె జారిపోవును. ఎక్కడ పేడు లేచియున్నదో అక్కడ, కంటికి గీతయైనను కనబడకున్నను, రెండు మూడు పోగులు పట్టుకొని నిలిచి, పింజ చివర తెల్లని మీసమువలె ఆ తావున మిగిలిపోవును. అక్కడ బొగ్గుతో గుర్తు పెట్టి, మరల కొప్పునుండి పిడివైపునకు జార్చవలెను. పేడు ఏ దిక్కున లేచినదో దీనివలన తెలియును, ఏలయన లేచినవైపుననుండి వచ్చినప్పుడే పింజ చిక్కును. ప్రత్తిసీమలో పుట్టినవానికి ఈ పరికరమునకై అంగడికి పోవలసిన పనిలేదు. గుర్తుపెట్టిన చోట దీపపుమసి కొంచెము రుద్ది తుడిచినచో మసి పగులులో నిలిచి దాని నిడివియు, దిక్కును చూపును.

ఇప్పుడు పగుళ్లను వేరుపరుపవచ్చును. పోగుల వెంబడి బద్ద నడిమిగా సాగి, అంచునకు చేరకముందే అంతరించు సన్నని నెరియ ఎండుపగులు. దీనివలన భయము లేదు. అట్టిదే అంచున బయటికి దిగినచో భయము కలదు, ఏలయన అచ్చట నారపోగులు తెగియున్నవని అర్థము. వీపున పేడు లేచినచో అది తెగుటకు ముందు వచ్చు దూత. వీపున అడ్డముగా వెండ్రుకంత గీత కనబడినను అది మిక్కిలి పైపైది కానిచో ఆ విల్లు ఇక అలంకారమునకే యనుకొనుట క్షేమము. కడుపున అడ్డముగా చీమ నడచినట్లు కనబడు ముడుతలు పగుళ్లు కావు, నలుగుళ్లు. తిన్నని పోగు గల కొయ్య సాగుడునకు తట్టుకొను బలములో ఇంచుమించు సగమే నలుగుడునకు తట్టుకొనును గనుక ఇవి మిక్కిలి సాధారణములు. ఇవి వింటిని వెంటనే విరువవుగాని అచ్చట బద్ద అతిగా వంగుచున్నదని చాటుచున్నవి.

జిగురులు

మన వడ్రంగులు వజ్రమని పిలుచు బంక పశువుల తోళ్లను ఉడికించి తీసినది. పలుకులను రాత్రి చన్నీట నానవైచి, మరునాడు నీరుపోసిన పెద్దగిన్నెలో చిన్నగిన్నె నుంచి, చేయి పెట్టలేనంత వేడిగా మాత్రమే కాచవలెను. తెర్లించినచో పట్టు చచ్చును. పుల్లతో ఎత్తినప్పుడు తేనెతీగవలె జారవలెను. అతుకవలసిన కర్రను కూడ వెచ్చచేసి త్వరగా పనిముగించవలెను, చల్లారగానే పేరుకొనును గనుక. వజ్రమునకు తేమ పడదు. కాని వెచ్చని నీటితో మరల ఊడదీయవచ్చుననుట దాని గొప్పగుణము.

నేడు దొరకు వానిలో సూపర్ గ్లూ నీరువలె పలుచనై వెండ్రుకవాసి పగులులోనికి తానే ప్రాకిపోవును; ఎండుపగులునకు ఇంతకుమించినది లేదు. రెండు గొట్టములలో వచ్చు ఎపాక్సీ బంక సందులను నింపి ఒక దినమునకు గట్టిపడును; అయితే సాధారణపు ఎపాక్సీ 50, 60 డిగ్రీల వేడికి మెత్తబడును, మే నెలలో మూసియుంచిన కారులో అంత వేడి పుట్టుట వింత కాదు. పాలవలె తెల్లనైన వడ్రంగిజిగురు బల్లలకు, బీరువాలకు మేలైనదేగాని, ఎడతెగని లాగుడుక్రింద మెల్లమెల్లగా జారుగుణము దానికి కలదు కనుక వింటివీపునకు తగదు. దేనిని వాడినను నూనె పూసిన కర్రపై పట్టదు. ఆముదముతో తుడుచు అలవాటున్నవారు ముందుగా ఆ పొరను గీకి తీయవలెను.

మరమ్మతు

ఎండుపగులునకు: పలుచని జిగురును చుక్కచుక్కగా వదలి, బద్దను అటునిటు కొంచెము మెలివెట్టి లోనికి పోనిచ్చి, ఆరిన పిదప దారము చుట్టవలెను. అంచున దిగిన పగులునకును, లేచిన పేడునకును ఇదే పద్ధతి. అయితే పేడును చాకుమొనతో ఎత్తి, క్రింద జిగురు నింపి, మైనపుకాగితము పెట్టి బిగించి ఆరనీయవలెను. లేచిన పేడును కోసివేయుట అందరును చేయు తప్పు: ఆ పేడు కోసినచో దాని క్రిందిపోగు తరువాతి పేడగును.

దారము చుట్టుటయు ఒక విద్యయే. మెలికగట్టిన నూలుదారముగాని పట్టుదారముగాని తీసికొని, పగులునకు ఒక అంగుళము ముందునుండి మొదలుపెట్టి, ఒక అంగుళము దాటినపిదప ఆపవలెను. మొదటికొనను బద్దవెంబడి పరచి, దానిమీదుగానే చుట్లు ఒకదానినొకటి ఆనుకొనునట్లు, ఒకదానిపై ఒకటి ఎక్కకుండ చుట్టుచు పోవలెను. ఇక ఏడెనిమిది చుట్లు మిగిలియున్నవనగా వేరొక దారపుముక్కను రెండుగా మడిచి, ఆ మడతకొన బయటికుండునట్లు పరచి, దానిమీదుగా మిగిలిన చుట్లు చుట్టి, తుదికొనను ఆ మడతలో దూర్చి, మడతదారపు రెండుకొనలను పట్టి లాగినచో తుదికొన చుట్లక్రిందికి దూరి బయటికి వచ్చును; అచ్చటికి కోసివేయుటయే. ముడి యుండదు, ఊడదు. పైన జిగురు పూసి వ్రేలితో అద్దవలెను. ఎండిన స్నాయువుపోగులను తడిపి చుట్టినచో ఆరుచు తామే బిగియును. దానికి దారమును సరిరాదు. జింక మొదలగు వన్యమృగముల స్నాయువు చట్టవిరుద్ధము. మేక, గేదె కాళ్ల స్నాయువు చాలును.

ఇచ్చట నొక భ్రమను తొలగింపవలెను. చుట్టిన దారము బద్దకు అడ్డముగా పోవును. నిలువుపగులు నోరు తెరచుటకు ప్రయత్నించునప్పుడు దానిని అడ్డగించును గనుక ఉపకరించును. అడ్డపగులు నోరు తెరచునది బద్ద పొడవువెంబడి, అచ్చట ఒక్క చుట్టయినను దానిని పట్టి లాగదు. వీపున అడ్డముగా తెగినదానిపై గజముదారము చుట్టి బాగైనదని మురియువారు దెబ్బతగిలిన కాలికి తలకట్టు కట్టినవారివంటివారు. అట్టిచోట కావలసినది పొడవువెంబడి బలము; దానికే వీపుపొర. మిక్కిలి లోతులేని గాటైనచో, తెగిన తావును పొడవుగా, పడవయాకారమున పలుచగా గీకి, అదే కొయ్యముక్కను అచ్చునకు సరిపోవునట్లు దిద్ది అతికి, ఆ బద్ద యావత్తుకు వీపున పొర వేయవలెను. స్నాయువును దంచి పోగులుగా విడదీసి వజ్రముతో పరచుట ఉత్తమము, కాని ఆరుటకు వారములు, ఒక్కొకప్పుడు నెలలు పట్టును. అంత ఓపిక లేనివారు పట్టుగుడ్డ గాని, దగ్గరలోని మంగళగిరి మగ్గములపై నేసిన గట్టి నూలుగుడ్డ గాని అతికింపవచ్చును. పడుగు బద్దవెంబడి నడచునట్లు కోయవలెను, ఐమూలగా కోసిన గుడ్డ సాగి ప్రయోజనము లేకపోవును. గుడ్డపొర బలము పెంచుటకన్న పేడు లేవకుండ అదిమిపట్టుటకు, విరిగినచో ముక్కలు ఎగిరిపడకుండుటకు ఎక్కువగా ఉపయోగపడునని నిజము చెప్పవలెను.

కడుపు నలుగుళ్లకు మందు నలుగుడున్న తావున లేదు, దాని ఇరుప్రక్కల నున్నది. అచ్చట బద్ద అతిగా వంగుటచేతనే నలిగినది కనుక, ప్రక్కలను గాజుపెంకుతో కొద్దికొద్దిగా గీకి వంపును బద్ద యంతటికి పంచవలెను. ఇందు వింటిబలము తగ్గకమానదు. బద్ద బిగువు దాని వెడల్పును సూటిగా అనుసరించును గాని, మందమును ఘనముగా అనుసరించును: 10 మిల్లీమీటర్ల మందమును 9కి దించినచో బిగువు నూటికి 27 పాళ్లు తగ్గును. పొడవునా అట్లు గీకినచో 20 కిలోల విల్లు సుమారు 14.6 కిలోలకు దిగునన్నమాట. కనుకనే పదిమార్లు గీకి పదిమార్లు వంచి చూచువాడు విల్లును దక్కించుకొనును. ఒక్కమారు బాడిస పెట్టినవాడు కట్టెను దక్కించుకొనును.

కొప్పు చీలినచో చీలికను అతికి, క్రిందుగా దారముచుట్టి, కొమ్ముముక్కతోగాని గట్టికొయ్యతోగాని క్రొత్తకొప్పు తొడుగవలెను. వెదురుకు కొప్పు చీలుట ఎక్కువగా త్రాడు మరీ సన్ననిదగుటచే జరుగును. ఆ తావున త్రాటికి నూలుచుట్టి లావుచేసినచో తీరును.

నడుమ పిడివద్ద విరిగినదానిని చేపతోక అతుకుతో కలుపవచ్చును. ఒక ముక్కను తోకవలె రెండు పాయలుగా, రెండవదానిని ఆ పాయలనడుమ ఇముడు మొనవలె కోసి, అతుకు పొడవు 4 అంగుళములకు తగ్గకుండ చూచి, ఎపాక్సీతో బిగించి, పైన దట్టముగా చుట్టవలెను. పిడి లావుగానుండి వంగదు కనుకనే ఈ అతుకు నిలుచును. వంగెడు తావున ఇదే అతుకు ఒక్కదినమైన నిలువదు. ఈ లెక్కన జనకుని కొలువులో మంచి వడ్రంగి యున్నచో శివధనుస్సునకు ఆశ మిగిలియుండెడిది.

పరీక్ష

అతికిన విల్లును వెంటనే చేతబట్టి లాగరాదు. గోడకు గట్టిమేకు కొట్టి పిడిని దానిపై ఆనించి, అల్లెకు త్రాడుకట్టి, క్రిందనున్న కప్పీమీదుగా దానిని మరలించి, రెండు గజములు ఎడముగా ప్రక్కకు నిలిచి లాగవలెను. మొదట జానెడు, అదే కొలతకు ముప్పదిమార్లు; తరువాత రెండంగుళములు ఎక్కువగా, మరల ముప్పదిమార్లు. త్రాటికి స్ప్రింగుత్రాసు తగిలించినచో బలము తెలియును. రెండుబద్దలును సమముగా వంగుచున్నవేమో గోడపై గీసిన గీతలతో పోల్చవలెను. ‘టిక్కు’ మను చిన్నశబ్దము వినబడినచో ఆపి, దూది పరీక్ష మరల చేయవలెను. జిగురు విడినప్పుడును, పోగు తెగినప్పుడును శబ్దమొక్కటే, దూది మాత్రము భేదము చెప్పును. పూర్వపు లాగుడునకు రెండంగుళములు తక్కువగా వాడుకొనుటకు ఒప్పుకొన్నచో బాగుచేసిన విల్లు పెక్కేండ్లు మన్నును. బాణములేక ఒట్టి అల్లెను విడుచుట మంచివింటికే చెరుపు; అతికినదానికి చెప్పనక్కరలేదు. బాణము మోయవలసిన శక్తి అప్పుడు బద్దలలోనే అణగి వానిని కుదుపును.

పని లేనప్పుడు అల్లె దించి, నీడపట్టున, గోడకు ఆనింపక రెండు మేకులపై అడ్డముగా నుంచవలెను. తేనెమైనము పలుచగా రుద్దినచో తేమ రాకపోకలు నెమ్మదించును.

మ్యూజియపు విండ్లు

శ్రీశైలమునందలి చెంచులక్ష్మి గిరిజన మ్యూజియమువంటి చోట్ల నుంచిన పాతవిండ్ల విషయమున పైన చెప్పినదంతయు తలక్రిందగును. అచ్చట విల్లు లాగుటకు కాదు, చూచుటకు. కనుక పగులు మూయుటకన్న పెరుగకుండ చూచుట ప్రధానము. గీకుట, అతుకు కోయుట దోషములు. ఎపాక్సీ వలదు, తీయదగిన వజ్రమే యుక్తము. ఎక్కుపెట్టి ప్రదర్శించుట సర్వథా కూడదు. పాతత్రాడున్నచో దానిని మార్చరాదు, ఏలయన నార ఏ చెట్టుదో చెప్పగల సాక్షి అదియొక్కటే. నేటి పోటీవిండ్లతో వీనికి పోలిక లేదు. విజయవాడ బిడ్డ వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియాక్రీడలలో మూడు స్వర్ణములు గెలిచినది కప్పీలుగల కాంపౌండు వింటితో. అట్టి వింటి బద్ద పగిలినచో అతుకరు, మార్చుదురు.

ఉండవిల్లు

మైదానపు రైతునకు ఎక్కువగా తెలిసినది బాణపువిల్లు కాదు, ఉండవిల్లు. జొన్నచేల మంచెలపైనుండి పిట్టలను తోలుటకు వడిసెలతోపాటు ఇదియు నుండెడిది. సన్నని వెదురుబద్దకు ఒకటి కాక రెండు త్రాళ్లు. అవి అంటుకొనకుండ నడుమ చిన్నపుల్ల. మధ్యభాగమున గుడ్డతోగాని నారతోగాని అల్లిన చిన్నజోలె. దానిలో ఎండిన మట్టియుండ. ఉండ బొటనవ్రేలికి తగులకుండ విడుచునప్పుడు పిడికిలిని కొంచెము ప్రక్కకు త్రిప్పవలసియుండును. ఈ మెలిక బద్దకును తగులును గనుక ఉండవింటి పగుళ్లు ఐమూలగా పుట్టుటయు కలదు. దారముచుట్టే దీనికి తగిన మరమ్మతు. సైకిళ్ల రబ్బరుగొట్టములు పల్లెలకు వచ్చినపిమ్మట పంగకర్రయు, రెండు రబ్బరుపట్టీలును, తోలుముక్కయు చేరి ఉండవిల్లును వెళ్లగొట్టినవి. పేరు మాత్రము ఉండేలు అని అరిగి ఆ పంగకర్రకే మిగిలినది. దానిలో వంగెడు కర్ర లేదు, కనుక పగులును లేదు. రబ్బరు తెగినచో పిల్లవాడు సైకిలుకొట్టుకు పోయి పాతట్యూబుముక్క అడిగి తెచ్చుకొనును.